కాఫీ పోసే ముసలామెని కోసేశారు

టంగుటూరు,
ప్రకాశం జిల్లా.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: 2,499 రూపాయల పెయింటింగ్ కిట్, వీడియో కోర్సుపై ఫిర్యాదు.

అయ్యా,

'పేరున్న బొమ్మని మళ్లీ వేస్తూ, భావం పలికే మనుషుల్ని గీయడం నేర్చుకోండి' అన్న మీ ప్రకటన చూసి పోయిన నెల కిట్ తెప్పించుకున్నాను. ఆశ పుట్టించింది మీరు ఎంచుకున్న బొమ్మే. డచ్ చిత్రకారుడు వాన్‌గో 1885లో వేసిన 'పొటాటో ఈటర్స్'. దీపం కింద అయిదుగురు పల్లెటూరి మనుషులు, ముందు బంగాళాదుంపల పళ్లెం. మా అమ్మ పొగాకు పనికి వెళ్తుంది. పచ్చాకు పని ఉన్న రోజుల్లో జిగురు పట్టి వేళ్లు నల్లబడతాయి, ఎంత రుద్దినా గోళ్ల చుట్టూ మాత్రం వదలదు. ఆ చేతులు వేయాలని నా కోరిక.

కిట్ విప్పితే కాన్వాస్ 12 అంగుళాల చదరం. అసలు బొమ్మ 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 వెడల్పు. చదరంలో ఇరికించడానికి కుడిపక్క కోసేశారు. కాఫీ పోసే ముసలామె ఉండేది అక్కడే. ఆమెతోపాటు ఆ చేతులూ పోయాయి. మిగిలిన ముఖాలేమో పెళ్లి ఆల్బంలో ఫొటోల్లా నున్నగా ఉన్నాయి. పైగా గీతలన్నీ అచ్చేసి నంబర్లు పెట్టారు. 7 ఉన్న చోట 7వ రంగు పూయాలట. అది 'స్కిన్' అని రాసున్న లేత గులాబీ ట్యూబు! ఈ ముఖాలది మట్టి అంటిన, చెక్కు తీయని బంగాళాదుంప రంగని వాన్‌గోనే తన తమ్ముడికి ఉత్తరం రాశాడు.

ఫోన్ చేస్తే 'కాపీ బొమ్మే కదా మేడం, ఎలా వేసినా పర్లేదు' అన్నారు. కాపీ అంటే అంత చులకనా? అదే వాన్‌గో 1889-90లో సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉండగా, పల్లె పనివాళ్లని గీసిన ఫ్రెంచ్ చిత్రకారుడు మిల్లే బొమ్మల నలుపు తెలుపు ప్రింట్లు ముందు పెట్టుకుని రంగుల్లో మళ్లీ వేశాడు. వంగిన నడుము బరువు ఎటు పడుతుందో మన చేత్తో గీస్తేనే తెలుస్తుంది. గళ్లు నింపితే తెలియదు.

చివరికి ఒంగోలు వెళ్లి పూర్తి బొమ్మ ప్రింటు తీయించుకున్నాను. బొగ్గుతో ఆ ముసలామెని పదకొండుసార్లు గీశాను, కెటిల్ పట్టుకున్న చెయ్యి ఇప్పుడిప్పుడే కుదురుతోంది. మీ కిట్‌లో పనికొచ్చింది ఒక్క కుంచె. దాని వెంట్రుకలూ రెండో రోజుకే ఊడాయి.

నా డబ్బు వాపసు ఇవ్వండి. లేదా కోత లేని ప్రింటు, దానికి తగ్గ ఖాళీ కాన్వాస్, 'స్కిన్' బదులు మట్టి రంగులు పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి, ఆపైన ఒంగోలు వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.

బిల్లు, కాన్వాస్ ఫొటోలు జతచేశాను. మా అమ్మ కుడిచేతి ఫొటో కూడా పెట్టాను. మీ 7వ నంబరు అందులో ఎక్కడ కలుస్తుందో గుర్తు పెట్టి పంపండి.

ఇట్లు,
మీ కస్టమర్