రాత్రికి పెట్రోలు ట్యాప్ కట్టేయండి

సభ్యులకు నమస్కారం. బండి ఆపినప్పుడల్లా పెట్రోలు ట్యాప్ కట్టేయాలా అని నిన్న కావలి మిత్రుడు అడిగారు. టీ తాగే అయిదు నిమిషాలకు అక్కర్లేదు, రాత్రికి మాత్రం కట్టేయండి. కార్బ్యురేటర్‌లో (ఇంజిన్‌కు పెట్రోలు, గాలి కలిపి అందించే భాగం) ఫ్లోట్, అంటే పెట్రోలుపై తేలే ముక్క, పైకి లేచి, దానితో కదిలే సూది పెట్రోలు వచ్చే రంధ్రాన్ని మూస్తేనే పెట్రోలు ఆగుతుంది. అక్కడ ఇసుక రేణువంత చెత్త ఇరుక్కున్నా చాలు, కారడం మొదలు. నేను ఒంగోలులో పెళ్లికి వెళ్లిన రెండు రోజుల్లో నా పాత బండికి అదే జరిగింది. కొంత పెట్రోలు ఇంజిన్ ఆయిల్‌లో కూడా కలిసింది. మూత తీసి చూస్తే ఆయిల్ నీళ్లలా పలుచన, గుప్పున పెట్రోలు వాసన! అలాంటప్పుడు కిక్ కొట్టకండి, ముందు ఆయిల్ మార్పించండి.

ఉదయం ట్యాప్ తిప్పడం మరిచిపోతే బండి కొంత దూరం వెళ్లి ఆగుతుంది. (మెకానిక్‌కు ఫోను చేసేముందు ఒకసారి ట్యాప్ చూసుకోండి, నేను చూసుకోలేదు.) కార్బ్యురేటర్ బదులు ఇంజెక్షన్ ఉన్న బండ్ల వారికి ఈ బాధ లేదు.