ఆ తలుపు గీసిన రాత్రి

కన్నా,

మొన్న ఫోన్‌లో "ఏం లేదమ్మా, బాగానే ఉన్నా" అన్నావు. ఆ గొంతు నాకు తెలుసు. అమ్మమ్మ పోయాక నేనూ అందరితో అదే మాట, అదే గొంతుతో అన్నాను.

అప్పుడు నీకు ఆరేళ్లు. నాకు ఏడుపు రాలేదు. పగలంతా పనులు చేసుకుంటూనే ఉన్నాను కానీ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఒకరోజు నువ్వు వాడి వదిలేసిన క్రేయాన్ ముక్కలు, సగం రాసిన నోట్‌బుక్ కనిపిస్తే ఏదో గీశాను. అమ్మమ్మ మంచం. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. మంచం కోళ్లు వంకర పోయేవి, దుప్పటి మడతలు కుదిరేవి కావు, దిండు మీద తల ఆనిన గుంట ఎంత గీసినా వచ్చేది కాదు. పది పన్నెండు రోజులయ్యాక, ఎందుకో మంచం వెనక ఓరగా తెరిచిన తలుపు గీశాను. గోధుమరంగు ముక్క అరిగిపోయి వేలు కాగితానికి రాసుకునేదాకా ఆ తలుపుకే రంగు వేస్తూ కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది. అమ్మ పోయిన క్షణంలో నేను ఆ గదిలో లేను, మందులు తేవడానికి వెళ్లాను. నన్ను లోపల కొరికేస్తున్నది అదే. ఎవరితోనూ అనలేదు, నాలో నేను కూడా అనుకోలేదు. ఆ రాత్రి బరువు దిగేదాకా ఏడ్చాను.

"నాకు బొమ్మలు రావు" అంటావు. రానక్కర్లేదు నాన్నా. 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీవాళ్లు 39 మంది పెద్దవాళ్లకు మట్టి, రంగు పెన్నులు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే, సుమారు నలుగురిలో ముగ్గురికి టెన్షన్‌లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గింది. బొమ్మలు వేసే అలవాటు ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఏం తేడా కనిపించలేదు.

ఎవరికో చూపించడానికి వేస్తే మాత్రం ఇది జరగదని నా నమ్మకం. ఒకరు చూస్తారనగానే చెయ్యి అందం కోసం చూసుకుంటుంది, లోపలిది లోపలే ఉండిపోతుంది. అందుకే వేసేటప్పుడు ఫోన్ పక్క గదిలో పెట్టు. ఫొటో తీయకు.

ఇంకొకటి. నిద్ర, ఆకలి లేకుండా వారాలు గడుస్తుంటే బొమ్మలతో సరిపెట్టుకోకు, డాక్టర్ దగ్గరికి వెళ్లు. జపాన్ చిత్రకారిణి యయోయి కుసామా చిన్నప్పటి నుంచీ కళ్లముందు కమ్ముకొచ్చే చుక్కలనే బొమ్మలుగా వేసింది. ఆవిడ 1977 నుంచి టోక్యోలోని ఒక మానసిక వైద్యశాలలో తనంతట తానే ఉంటూ, దగ్గర్లోని స్టూడియోకి వెళ్లి పని చేసుకుంటూ వచ్చింది. వైద్యమూ వదల్లేదు, కుంచే వదల్లేదు. నువ్వు వెళ్తానంటే నేనూ నీతో వస్తాను.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఈసారి నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను. నువ్వు వేసేవి నాకు చూపించనక్కర్లేదు.

ఉంటాను,
అమ్మ