కూర్చునే చోటు మారితే పని మారుతుందా?

సంపాదకులకు,

అయ్యా,

2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాదు హాస్టల్ ఖాళీ చేసి బరంపురం చేరిన మా అమ్మాయి ఐదేళ్లకు పైగా మేడమీది గదిలోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. ఇకపై వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాల్సిందేనని, పదిహేను రోజుల గడువుతో, గత నెల రెండు వాక్యాల మెయిల్ వచ్చింది.

ఎదురెదురుగా కూర్చుంటే కొత్తవారు పని త్వరగా నేర్చుకుంటారన్న వాదనను నేను కాదనను. అయితే 2022 జులైలో కేంద్రం ఐటీ సంస్థలు ఎక్కువగా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలాల (సెజ్‌ల) నిబంధనల్లో 43ఎ చేర్చి, ఒక్కో యూనిట్‌లో సగం మంది వరకు ఇంటి నుంచి పనిచేయడానికి అనుమతించినప్పుడు, ఈ వెసులుబాటు నిలుస్తుందని నమ్మి ఇక్కడే ఇంటిరుణం తీసుకున్నవారు మా వీధిలోనే ఉన్నారు. 2025 జనవరి నుంచి అమెజాన్ ఐదు రోజుల హాజరు తప్పనిసరి చేయడం చూసి మిగిలిన యాజమాన్యాలకూ ధైర్యం వచ్చిందేమో!

మా అమ్మాయి పనిచేసే సంస్థకు భువనేశ్వర్‌లో కార్యాలయం ఉన్నా, జట్టు హైదరాబాదుదని చెప్పి అక్కడ కూర్చోనివ్వరు. ఆ జట్టులో సగం మంది పుణె, చెన్నైల నుంచి తెర మీదే మాట్లాడతారు కనుక, రాత్రంతా ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ రైల్లో ప్రయాణించి వెళ్లినా ఆమె చేయవలసినవి మళ్లీ వీడియో కాల్‌లే. దగ్గరి కార్యాలయంలో హాజరు వేసుకునే వీలు, కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలని యాజమాన్యాలను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా