4294967297 ప్రధాన సంఖ్య కాదు

సంపాదకులకు,

మీ పిల్లల పేజీలో 4294967297ను ప్రధాన సంఖ్య అని అచ్చువేశారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, చూసి ఊరుకోలేకపోయాను. 32 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి 1 కలిపితే వచ్చే ఈ సంఖ్య ప్రధానమేనని ఫెర్మా అంతటి గణితవేత్తే నమ్మాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని విడగొట్టాడు: 641 × 6700417.

దీని ప్రధాన కారణాంకం ఏదైనా, 64తో భాగిస్తే శేషం 1 రావాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదో భాగహారానికే గుట్టు బయటపడుతుంది! నిన్న రాత్రి కాగితం మీద మళ్లీ చేశాను. శేషం సున్నా వచ్చినప్పుడు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

సవరణలో జవాబు ఒక్కటే కాకుండా ఆ అయిదు భాగహారాలూ వేయండి. పిల్లలు స్వయంగా చేసి చూస్తారు.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు