ఈ సీజన్ నుంచి మా బీచ్ ట్రిప్పుల్లో ఏం మారుతోందంటే

అందరికీ నమస్కారం. హైదరాబాద్ కొత్తపేట నుంచి మేం నడిపే శని, ఆదివారాల బీచ్ ట్రిప్పులు జూలై నుంచి ఎందుకు ఆపేశారని చాలామంది ఫోన్ చేసి అడిగారు. బండి రిపేరులో ఉందని కొందరికి చెప్పాను. అది నిజం కాదు. అసలు జరిగింది ఇదీ.

జూలైలో 14 మందిని తీసుకుని బాపట్ల దాటాక, ఊళ్లకు దూరంగా ఉన్న ఒక బీచ్‌కు వెళ్లాం. జనం ఉండరు, ఫొటోలు బాగా వస్తాయి అని ఆ చోటు నేనే ఎంచుకున్నాను. పొద్దున ఎనిమిదింటికి ఇరవై రెండేళ్ల అబ్బాయి నడుం లోతు వరకు దిగాడు. చూస్తుండగానే అలల అవతలికి వెళ్లిపోయాడు, తల మాత్రమే కనిపిస్తోంది. నా దగ్గర తాడు లేదు, లైఫ్ జాకెట్ లేదు, ఆ ఊళ్లో ఎవరి నంబరూ లేదు. పక్కనే వలలు బాగుచేసుకుంటున్న మత్స్యకారులు పడవ తోసుకుంటూ వెళ్లి పట్టుకొచ్చారు. ఇసుకలో పడుకోబెడితే ఉప్పునీళ్లు కక్కాడు. చెవుల నిండా ఇసుక. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "అన్నా, అలలు లేని చోటే చూసుకుని దిగాను" అన్నాడు. ఒక రోజు ఆసుపత్రిలో ఉంచి పంపించారు, ఇప్పుడు బాగున్నాడు. వాళ్లమ్మగారికి నేనే ఫోన్ చేశాను. ఆమె తిట్టలేదు. "ఈత వచ్చు కదా బాబూ వాడికి" అని మూడుసార్లు అడిగారు.

అలలు లేని చోటు అని ఆ అబ్బాయి అన్న మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఒడ్డుకు వచ్చి విరిగిన నీళ్లన్నీ ఎక్కడో ఒకచోటి నుంచి సముద్రంలోకి తిరిగి వెళ్లాలి. ఇసుక దిబ్బల మధ్య లోతైన సందు దొరికితే అందులోంచి కాలవలా పరుగెత్తుతాయి. దాన్నే రిప్ కరెంట్ అంటారు. లోతు ఎక్కువ కాబట్టి అక్కడ అల విరగదు, నురగ తక్కువ, పైకి చూస్తే ప్రశాంతంగా ఉంటుంది. రెండు పక్కలా తెల్లటి నురగ, మధ్యలో ముదురు రంగు నీళ్లు కనిపిస్తే అదే ఆ దారి. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల దాకా ఉంటుంది. మన స్విమ్మింగ్ పూల్‌లో బాగా ఈదేవాళ్లు సెకనుకు మీటరు పోతే గొప్ప. ఎదురీదితే అలిసిపోవడమే. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది, అంతే. వెల్లకిలా తేలుతూ, చెయ్యెత్తి పిలుస్తూ, ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, నురగ ఉన్న చోటి నుంచి బయటికి రావాలి. సర్ఫింగ్ చేసేవాళ్లు అలల వెనక్కి తేలిగ్గా చేరడానికి వాడుకునేది సరిగ్గా ఈ దారినే. వాళ్ల కాలికి తాడుతో కట్టిన బోర్డు ఉంటుంది, పడ్డా పట్టుకుని తేలడానికి. సర్ఫర్లు మెచ్చుకున్న బీచ్ కదా అని మనం పిల్లలతో దిగితే, మన దగ్గర ఆ బోర్డు ఉండదు.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. అలాంటి మారుమూల బీచ్‌లలో తాగునీరు, టాయిలెట్ ఏవీ ఉండవు. కొన్నిచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా రాదు. బండికి దుప్పటి కట్టి ఆడవాళ్లను అక్కడే బట్టలు మార్చుకోమన్నాం. డబ్బు తీసుకుని అలా సర్దుకోమనడం తప్పు. క్షమించండి.

అందుకే ఇప్పుడు రెండే చోట్లకు వెళ్తాం. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లలో ఉన్న సూర్యలంక ఒకటి. దగ్గర్లో గదులు దొరుకుతాయి. కార్తీకంలో ఎలాగూ వెళ్లం, అప్పుడు వేలల్లో జనం వస్తారు, మనవాళ్ల మీద కన్ను వేసి ఉంచడం కుదరదు. రెండోది విశాఖలో రుషికొండ. శుభ్రత, భద్రత బాగున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్. షవర్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి, సర్ఫింగ్ నేర్పేవాళ్లూ ఉన్నారు. విశాఖలోనే ఉన్న యారాడ బీచ్ కొండల మధ్య ఎంత అందంగా ఉన్నా చూసి రావడానికే, నీళ్లలో దిగడానికి కాదు.

దిగాలా వద్దా అన్నది ఇక నా అంచనా మీద ఉండదు. దేశంలోని తీరమంతటికీ అలల సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది మన ప్రగతి నగర్‌లోనే. సముద్రం లేని ఊళ్లో ఉంటూ, అదే ఊళ్లో దొరికే ఆ సమాచారాన్ని ఇన్నేళ్లూ నేను ఒక్కసారీ చూడలేదు. అల ఎత్తుతో పాటు, రెండు అలల మధ్య ఎన్ని సెకన్లో కూడా వాళ్లు చెబుతారు. అదే ఎత్తు అల 6 సెకన్లకోసారి వస్తే ఒక రకం, 15 సెకన్లకోసారి వస్తే దాని బలం చాలా ఎక్కువ. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన అలాంటి అలలు, ఇక్కడ గాలీ వానా లేని రోజున వచ్చి పడతాయి. మలయాళంలో కల్లక్కడల్ అంటారు, దొంగలా వచ్చే సముద్రమని. 2024 మేలో కన్యాకుమారి జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు పోయింది అలాంటి రోజుల్లోనే. హెచ్చరిక అప్పటికే ఉంది.

అల మీటరు దాటినా, హెచ్చరిక ఉన్నా ఎవరినీ దిగనివ్వం. మోకాలి లోతు దాటితే లైఫ్ జాకెట్ తప్పదు. గాలి ట్యూబులు వద్దు, ఒడ్డు నుంచి గాలి వీస్తే మనిషితో సహా లోపలికి పోతాయి. మందు తాగినవాళ్లు నీళ్ల దగ్గరికే రాకూడదు, ఎంత పాత కస్టమరైనా సరే. ఎవరైనా కొట్టుకుపోతుంటే వెనకాలే దూకకండి. చాలా ఘటనల్లో ఒకరి కోసం దిగి ఇంకొకరు పోయారు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల వాటర్ క్యాన్‌కు తాడు కట్టి ప్రతి బండిలో పెట్టాం, అది విసరండి, 112కు ఫోన్ చేయండి. ప్రతి ట్రిప్పుకూ ఆ ఊరి గజ ఈతగాళ్లు ఇద్దరు మనతో ఉంటారు.

వాళ్ల కూలీ, జాకెట్లు కలిపి సూర్యలంక ట్రిప్పు ధర 3,200 నుంచి 3,900కు పెరిగింది. సముద్రం బాగాలేక దిగలేకపోయిన రోజు మనిషికి 700 వాపసు ఇస్తాం. ట్రిప్పులు జనవరి చివరి వారంలో మొదలై ఏప్రిల్‌తో ఆగిపోతాయి. వర్షాకాలంలోనూ, తుఫాన్లు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు దాకానూ బీచ్ బండి కదలదు.

జూలై గ్రూపులో 11 మందికి డబ్బు తిరిగి ఇచ్చాను. మిగిలిన ముగ్గురూ వద్దన్నారు. దయచేసి తీసుకోండి, ఆదివారం సాయంత్రం వరకు ఆఫీసులోనే ఉంటాను.