దాణాకి టైముంది, దీనికి లేదు

సంపాదకుడు గారికి,

అమెరికాలో స్వలింగ వివాహాల మీద మీ పేపర్లో వార్త వచ్చి రెండు వారాలు దాటింది. అప్పుడే రాద్దామనుకున్నాను, థ్యాంక్స్‌గివింగ్ హడావుడిలో కుదరలేదు. కెంటకీలో పెళ్లి లైసెన్సులు ఇవ్వనని మొండికేసిన మాజీ క్లర్కు కిమ్ డేవిస్, ఈ పెళ్లిళ్లు దేశమంతా చెల్లుతాయన్న 2015 సుప్రీంకోర్టు తీర్పుని కొట్టేయమని పిటిషన్ వేస్తే 2025 నవంబర్ 10న ఆ కోర్టు విచారణకే తీసుకోలేదు, నిజమే. అంతమాత్రాన ఇక గొడవ తీరిపోయినట్టేనని ఎలా రాసేశారండీ?

మేముండేది డాలస్ పక్కన. మా టెక్సాస్ రాజ్యాంగం మొదటి అధికరణం, 32వ సెక్షన్ తీసి చూడండి. పెళ్లంటే ఒక మగ, ఒక ఆడ మధ్యే అని ఇవాళ్టికీ ఉంది. 2015 తీర్పుతో అది పనిచేయడం మానేసింది గానీ పుస్తకంలోంచి పోలేదు. పైగా ఆ అధికరణం పేరు హక్కుల పత్రమట! 2005లో ఓటింగ్ పెడితే 76 శాతం సరేనన్నారు, కాకపోతే నమోదైన ఓటర్లలో ఓటేసిందే నూటికి 18 మంది. 254 కౌంటీల్లో వద్దన్నది ఆస్టిన్ ఉన్న ట్రావిస్ ఒక్కటే.

చెల్లని రాత ఉంటే ఏం, పోతే ఏం అంటారు మా అసోసియేషన్ పెద్దలు. అబార్షన్ విషయంలోనూ ఇలాగే అనుకున్నారు కదా. అబార్షన్ హక్కునిచ్చిన 1973 నాటి తీర్పుని 2022లో సుప్రీంకోర్టు కొట్టేయగానే అరిజోనాలో 1864 నాటి అబార్షన్ నిషేధ చట్టం దుమ్ము దులుపుకుని లేచింది. అదే కేసులో ఆ కోర్టు జడ్జి జస్టిస్ థామస్ ఈ పెళ్లిళ్ల తీర్పునీ మళ్లీ చూడాలని రాశారు. ఆ డిసెంబర్లో వచ్చిన కేంద్ర చట్టం ఉందిగా అంటారేమో, అది వేరే రాష్ట్రంలో చేసుకున్న పెళ్లిని ఒప్పుకోమంటుందే తప్ప ఇక్కడ లైసెన్సు ఇమ్మనదు. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్ల బాబూ మా వాడూ ఒకే స్కూల్ బస్సు. ఎందుకైనా మంచిదని విల్లులూ పవరాఫ్ అటార్నీలూ విడిగా రాయించుకున్నారు. మొగుడూ పెళ్లాలం మనం ఎవరం ఆ టెన్షన్ పడ్డాం?

ఇలాంటి రాతని నెవాడా తన రాజ్యాంగంలోంచి 2020లోనే తీసేసింది. కాలిఫోర్నియా, కొలరాడో, హవాయి 2024లో తీసేశాయి. ఇక్కడైతే ఉభయసభల్లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే మా దాకా ఓటుకి వస్తుంది, ఆ సభలేమో రెండేళ్లకోసారి 140 రోజులు కూర్చుంటాయి. అంత తీరిక లేదేమోలే అనుకుందామంటే మొన్న నవంబర్ 4న ఏకంగా 17 సవరణలు మా ముందు పెట్టారు. అందులో షాపులో అమ్మకానికి పెట్టిన పశువుల దాణా మీద పన్ను మినహాయింపు ఒకటి! గేదెల మేతకి రాజ్యాంగంలో చోటు దొరికింది. మనవాళ్లు తక్కువా, దీపావళి మేళాకి ఓట్ల కోసం వచ్చిన నాయకుడికి శాలువా కప్పి సెల్ఫీ దిగుతారు గానీ ఇదేంటని ఒక్కడూ అడగడు. అలబామాలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పెళ్లి చేసుకోకూడదన్న నిషేధం కూడా ఇలాగే, 1967లో కోర్టు చెల్లదన్నాక 33 ఏళ్లు రాజ్యాంగంలో మురిగింది. ఆఖరికి 2000లో ఓటు పెట్టి తీసేస్తే, అప్పుడు కూడా నూటికి నలభై మంది ఉంచమన్నారు.

కాబట్టి గొడవ తీరిందన్న ఆ వార్తకి సవరణ వేయండి. లోపలి పేజీలో ఏ మూలనైనా సరే.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
ఫ్రిస్కో, టెక్సాస్