మా బాబు పన్ను మినహాయింపు 80డీడీని కొత్త రెజీమ్‌లోకి రానివ్వండి మేడం

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం మేడం. మాది వైజాగ్, గాజువాక. మీరు నరసాపురం కోడలు, 2014లో మా రాష్ట్రం నుంచే రాజ్యసభకి వెళ్ళారు, మీకు తెలుగు బాగా వచ్చు కాబట్టి ఎవరిచేతా ఇంగ్లీష్‌లో రాయించకుండా నాకొచ్చిన తెలుగులోనే రాస్తున్నాను.

మా బాబుకి పన్నెండేళ్ళు. ఆటిజం. మూడేళ్ళప్పుడు తెలిసింది. మాటలు కొన్నే వచ్చు, ఆకలేస్తే నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్తాడు. ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే అలలు చూస్తూ గంటసేపు కదలకుండా నిలబడతాడు, అదే రోడ్డు మీద బస్సు హారన్ కొడితే చెవులు మూసుకుని ఎక్కడున్నాడో అక్కడే కూలబడిపోతాడు. వాడికోసం వాళ్ళమ్మ ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్ళయింది. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ కలిపి వారానికి ఐదు సెషన్లు, సెషన్‌కి 700, నెలకి దగ్గరదగ్గర 15 వేలు, ఆటోలు వేరే. మా హెల్త్ ఇన్సూరెన్స్ ఇందులో ఒక్క రూపాయి ఇవ్వదు.

ఇలాంటి ఇళ్ళ కోసమే ఆదాయపు పన్ను చట్టంలో 80డీడీ అనే సెక్షన్ పెట్టారు. మన మీద ఆధారపడ్డ మనిషికి వైకల్యం 40 శాతం ఉంటే 75 వేలు, 80 శాతం ఉంటే లక్షా 25 వేలు మన ఆదాయంలోంచి తీసేసి మిగతా దానికే పన్ను వేస్తారు, ఖర్చుల బిల్లులు కూడా అడగరు. చాలా మంచి రూలు. 2015 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జైట్లీ గారు 50 వేలని 75 చేశారు, లక్షని లక్షా 25 చేశారు, అప్పట్నుంచి ఆ అంకె అలాగే ఉంది, థెరపీ ఫీజులు మాత్రం ఆగలేదు. సరే అది కూడా అలా ఉంచండి.

అసలు బాధ ఏంటంటే కొత్త రెజీమ్‌లో, అంటే రేట్లు తక్కువ, మినహాయింపులు దాదాపు లేని కొత్త పన్ను పద్ధతిలో, ఇది లేదు. పాత రెజీమ్‌లో ఉంది కదా, అది తీసుకో అంటారు, అందుకే 2025-26కి రెండు లెక్కలూ వేసి చూశాను. నా జీతం ఏడాదికి 15 లక్షలు. పాత దాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, పీఎఫ్, ఎల్ఐసీ లాంటి పొదుపులకి 80సీ కింద లక్షన్నర, బాబు పేరు మీద 75 వేలు అన్నీ తీసేసినా పన్ను సెస్సుతో కలిపి 1,87,200 వచ్చింది. కొత్త దాంట్లో బాబుని అసలు చూపించకుండానే 97,500. అంటే 80డీడీ వాడుకోవాలంటే నేను 89,700 ఎక్కువ కట్టాలి మేడం. హోమ్ లోన్, ఇంటద్దె లాంటివి పెద్దగా చూపించగలిగిన వాళ్ళకి ఏమో గానీ నాలాంటి వాడికి ఆ సెక్షన్ పుస్తకంలో ఉన్నట్టే, చేతికి రాదు.

12 లక్షల దాకా పన్ను లేకుండా చేశాం కదా అని మీ ఆఫీసర్లు అనొచ్చు. నిజమే, చాలామందికి మేలు జరిగింది, కాదనను. కానీ అది అందరికీ ఇచ్చింది. నా పక్క సీట్లో ఆయనదీ ఇదే జీతం, ఆయనా 97,500 కడతాడు, నేనూ 97,500 కడతాను. ఆయన మీద నాకేం ఏడుపు లేదు, వాళ్ళ పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు, సంతోషం. కానీ ఆయనకి ఇంట్లో రెండు జీతాలు, నాకు ఒకటి, అదీ నెల మొదట్లోనే థెరపీ సెంటర్‌కి పోతుంది, మరి ఇద్దరి చేతిలో మిగిలేది ఒకటే అన్నట్టు పన్ను ఎలా వేస్తారు? 75 వేలు నాకు కొత్త రెజీమ్‌లో ఇస్తే తగ్గేది 11,700. మీ ఖజానాకి ఎంత? మాకైతే మూడు వారాల థెరపీ.

కొత్త రెజీమ్‌లో మినహాయింపులు పెట్టకూడదనేది మీ పద్ధతి అయితే, ఉద్యోగికే వైకల్యం ఉన్నప్పుడు ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ మీద మినహాయింపు అందులోనే ఉంచారు కదా. మంచి పని చేశారు. సంపాదించలేని పిల్లాడికి, వాడి బదులు సంపాదించే తండ్రికి ఆ తలుపు ఎందుకు మూసేశారో అదొక్కటీ చెప్పండి.

ఇంకోటి, సర్టిఫికెట్. ఆటిజానికి ఫారం 10-ఐఏ కావాలి అన్నారు, దాని మీద న్యూరాలజిస్టో, పిల్లల న్యూరాలజిస్టో, లేదా ప్రభుత్వాసుపత్రిలో సివిల్ సర్జనో చీఫ్ మెడికల్ ఆఫీసరో సంతకం పెట్టాలి. మా వాడిని తొమ్మిదేళ్ళుగా చూస్తున్న సైకాలజిస్ట్ సంతకం చెల్లదు, వాడిని పది నిమిషాలు చూసినాయన సంతకం చెల్లుతుంది. సదరం, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్, దాని కోసం స్లాట్ బుక్ చేసుకుని ఒక ప్రభుత్వాసుపత్రికి పొద్దున్నే వెళ్ళాం, మధ్యాహ్నం రెండు దాటాక పిలిచారు. ఆ జనం, ఆ ఫ్యాన్ల చప్పుడు, బాబు నేల మీద పడి తల కొట్టుకుంటుంటే వాళ్ళమ్మ వాడి తల కింద చెయ్యి పెట్టి కూర్చుంది, పక్కవాళ్ళు పిల్లాడిని అదుపులో పెట్టుకోవచ్చు కదమ్మా అన్నారు. తీరా ఇచ్చింది 60 శాతం, ఐదేళ్ళకే. గడువు అయిపోతే కొత్తది తెస్తేనే మళ్ళీ క్లెయిమ్. ఆటిజం ఐదేళ్ళకి పోయేది కాదు మేడం, వాడు పెద్దవాడవుతాడు, అదీ వాడితోనే ఉంటుంది. ఒకసారి తేల్చాక అది జీవితాంతం చెల్లుతుందని ఒక్క లైను రాయించండి.

1961 ఆదాయపు పన్ను చట్టం పోయి 2025 చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి, మేము మాత్రం ఇంకా 80డీడీ అనే పిలుచుకుంటాం. వచ్చే బడ్జెట్‌లో దాన్ని కొత్త రెజీమ్‌లో పెట్టండి, సొంత వైకల్యానికి ఉన్న 80యూని కూడా. పెన్షన్ అడగట్లేదు, ఉద్యోగం అడగట్లేదు. మా సర్టిఫికెట్ గడువు వచ్చే ఆగస్టుతో అయిపోతుంది, మళ్ళీ స్లాట్ కోసం చూస్తున్నాం.

ఇట్లు,
ఒక తండ్రి,
గాజువాక, విశాఖపట్నం